గూగుల్‌లో ప్రపంచమంతా దొరుకుతుంది, ఆఫీస్‌లో లీవ్ పాలసీ ఎందుకు దొరకదు?

ఐఫోన్ హోమ్ స్క్రీన్‌ని వేలితో కిందికి లాగితే స్పాట్‌లైట్ వస్తుంది. శామ్‌సంగ్‌లో అయితే ఫైండర్. రెండు అక్షరాలు కొట్టగానే యాప్, కాంటాక్ట్, సెట్టింగ్ అన్నీ ఒకే లిస్ట్‌లో కనిపిస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో 'ఎవ్రీథింగ్' అనే చిన్న ఫ్రీ టూల్ వేసుకున్నవాళ్లకి తెలుసు, లక్షల ఫైళ్లున్నా సరే, పేరు పూర్తిగా టైప్ చేసేలోపే కావాల్సిన ఫైల్ కళ్ల ముందుంటుంది. ఈ అలవాటుతోనే మనం ఉద్యోగంలో చేరతాం. మొదటి వారంలో కంపెనీ పోర్టల్ ఓపెన్ చేసి 'లీవ్ పాలసీ' అని కొడితే టౌన్‌హాల్ ఫోటోలు, ఎప్పుడో ఆగిపోయిన ప్రాజెక్ట్ పీపీటీ, ఎక్కడో 'లీవ్' అన్న పదం ఉన్న మీటింగ్ నోట్స్ వస్తాయి. అసలు పాలసీ పీడీఎఫ్ మాత్రం నాలుగో పేజీకి వెళ్లినా కనపడదు. చివరికి పక్క సీట్లో ఉన్న సీనియర్ అన్నని అడిగితే, ఆయన తన టీమ్స్ చాట్‌లో పైకి స్క్రోల్ చేసుకుంటూ వెళ్లి పాత లింక్ ఒకటి పంపిస్తాడు.

కోట్ల వెబ్‌పేజీల్లోంచి సరైనది అర సెకనులో తీసే టెక్నాలజీ చేతిలో ఉండగా, ఐదొందల మంది ఉన్న కంపెనీలో ఒక పీడీఎఫ్ దొరకకపోవడం ఏంటి? దీనికే ఇప్పుడు 'ఎంటర్‌ప్రైజ్ సెర్చ్', 'వర్క్ ఏఐ', 'కంపెనీ నాలెడ్జ్' అని రకరకాల పేర్లతో టూల్స్ వస్తున్నాయి. డెమో చూస్తే మ్యాజిక్‌లా ఉంటుంది. ఒకే బాక్స్, అందులో ప్రశ్న, వెంటనే జవాబు. లోపల ఏం జరుగుతుందో, ఎక్కడ దెబ్బ తింటుందో చూద్దాం. ముందే చెప్పేస్తున్నా: ఈ టూల్స్‌లో కష్టమైన పార్ట్ వెతకడం కాదు. ఎవరికి ఏది చూపించాలి, దొరికిన రెండు డాక్యుమెంట్లలో ఏది ఇప్పటికీ నిజం, ఈ రెండే కష్టం.

ఒక్క ఆఫీస్, పది సెర్చ్ బాక్సులు

మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో సమాచారం ఎక్కడెక్కడ ఉంటుందో ఒకసారి లెక్కేయండి. టికెట్లు జిరాలో. డిజైన్ డాక్యుమెంట్లు కాన్‌ఫ్లుయెన్స్‌లో. కోడ్ గిట్‌హబ్‌లో. హెచ్‌ఆర్ ఫైళ్లు షేర్‌పాయింట్‌లో. సేల్స్ వాళ్ల లెక్కలు సేల్స్‌ఫోర్స్‌లో. ఐటీ కంప్లైంట్లు సర్వీస్‌నౌలో. వీటన్నిటి కంటే ముఖ్యమైన నిర్ణయాలు స్లాక్‌లోనో టీమ్స్‌లోనో, 'సరే అలాగే చేద్దాం' అన్న ఒక్క మెసేజ్ రూపంలో. ప్రతి దానికీ దాని సొంత సెర్చ్ బాక్స్ ఉంటుంది. అంటే, మీకు కావాల్సింది ఏ యాప్‌లో ఉందో ముందే తెలిస్తేనే సెర్చ్ పనికొస్తుంది. అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే కదా!

స్లాక్ అన్న పేరు కూడా ఈ బాధలోంచే వచ్చింది. మాటలనీ, తెలిసిన విషయాలనీ తర్వాత వెతుక్కోగలిగేలా దాచే లాగ్ అన్న అర్థంలో పెట్టిన ఇంగ్లిష్ పదాల పొడి అక్షరాలే ఆ పేరు. చాట్ యాప్ పేరులోనే సెర్చ్ ఉంది. అయినా మూడేళ్ల కిందటి డెసిషన్ ఏ ఛానెల్‌లో జరిగిందో గుర్తులేకపోతే మన పని అంతే.

మెకిన్సే గ్లోబల్ ఇన్‌స్టిట్యూట్ 2012లో ఇచ్చిన ఒక రిపోర్ట్ ప్రకారం, ఆఫీసు పనిచేసేవాళ్లు వారంలో దాదాపు ఐదో వంతు టైమ్ లోపలి సమాచారం వెతకడానికీ, లేదా అది తెలిసిన మనిషిని పట్టుకోడానికీ ఖర్చుపెడుతున్నారు. ఆ నంబర్‌ని ప్రతి సెర్చ్ కంపెనీ తన సేల్స్ పీపీటీలో వాడేసి అరగదీసింది. నాకు అందులో రెండో భాగమే ఇంట్రెస్టింగ్. మనిషిని పట్టుకోవడం. మన దగ్గర దీన్ని 'అన్నా సెర్చ్' అనొచ్చు. ప్రతి టీమ్‌లో ఒక అన్నో అక్కో ఉంటారు, వాళ్లకి అన్నీ తెలుసు. "అన్నా, స్టేజింగ్ సర్వర్ యాక్సెస్ ఎవరిస్తారు?" అంటే ఠక్కున చెప్తారు. పైగా ఈ సెర్చ్ ఇంజిన్‌కి మనం ఎవరో తెలుసు, ఎందుకు అడుగుతున్నామో తెలుసు, పాత డాక్యుమెంట్ ఏదో కొత్తది ఏదో తెలుసు. ఒక్కటే ప్రాబ్లమ్, ఆ అన్న నోటీస్ పీరియడ్‌లో ఉంటే ఇండెక్స్ మొత్తం ఆయనతోపాటే పోతుంది.

పసుపు డబ్బా కథ

ఈ సమస్యకి గూగుల్ 2002లోనే ఒక గ్యాడ్జెట్ అమ్మింది. అవును, నిజంగా గ్యాడ్జెటే. పేరు గూగుల్ సెర్చ్ అప్లయన్స్. మెరిసే పసుపు రంగు సర్వర్ డబ్బా. కొనుక్కుని మీ సర్వర్ రూమ్‌లో ర్యాక్‌లో బిగించి, నెట్‌వర్క్ కేబుల్ పెట్టి, ఏ సైట్లు చూడాలో చెప్తే అది మీ కంపెనీ పేజీలన్నీ చదివి లోపలే ఒక మినీ గూగుల్ తయారు చేసేది. ఎన్ని డాక్యుమెంట్లు ఇండెక్స్ చేయాలన్న దాన్నిబట్టి లైసెన్స్. గూగుల్ బ్రాండ్, గూగుల్ ఇంజినీరింగ్, ఇంకేం కావాలి?

2016లో దాన్ని ఆపేస్తున్నట్టు గూగుల్ చెప్పేసింది. క్లౌడ్ వచ్చేయడం దానికి పెద్ద కారణం. కంపెనీ డేటా మొత్తం వేరేవాళ్ల సర్వర్లకి వెళ్లిపోతుంటే మన ర్యాక్‌లో డబ్బా పెట్టుకుని లాభం లేదు. మిగతావాళ్ల కథలు కూడా చూడండి. నార్వేకి చెందిన ఫాస్ట్ అనే సెర్చ్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2008లో సుమారు 120 కోట్ల డాలర్లకి కొని షేర్‌పాయింట్‌లో కలిపేసింది. బ్రిటన్ కంపెనీ అటానమీని హెచ్‌పీ 2011లో సుమారు 1,100 కోట్ల డాలర్లకి కొంది, మరుసటి ఏడాదే 880 కోట్ల డాలర్ల విలువ రాసేసింది. ఆ కేసులు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచాయి. ఆఫీస్ సెర్చ్ అంటే అంత డబ్బు పెట్టడానికి రెడీగా ఉన్నవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. సుఖపడినవాళ్లే తక్కువ.

ఎందుకంటే బయట వెబ్‌లో గూగుల్‌కి దొరికిన బలం ఆఫీస్ లోపల ఉండదు. 1998లో గూగుల్‌ని నిలబెట్టిన పేజ్‌ర్యాంక్ ఐడియా చాలా సింపుల్: ఒక పేజీకి ఎంతమంది లింక్ ఇస్తున్నారు, ఆ ఇచ్చేవాళ్లు ఎంత ముఖ్యమైనవాళ్లు అని చూసి ర్యాంక్ ఇవ్వడం. వెబ్‌లో జనం ఒకరికొకరు లింకులు ఇచ్చుకుంటారు. ఆఫీస్‌లో ఎక్సెల్ షీట్‌కి ఎవరు లింక్ ఇస్తారు? అటాచ్‌మెంట్‌గా పంపేస్తారు. దానికి 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ లేటెస్ట్' అని పిల్లలు పుడతాయి. పైగా బయట ఒకే ప్రశ్నని లక్షల మంది అడుగుతారు, ఏ రిజల్ట్ మీద క్లిక్ చేశారో చూసి సెర్చ్ నేర్చుకుంటుంది. మీ టీమ్ పేమెంట్ సర్వీస్ టైమ్‌ఔట్ గురించి ఏడాదికి ఆరుగురు అడుగుతారేమో. ఆరు క్లిక్కులతో ఏం నేర్చుకుంటుంది?

ఇంకో తేడా ఉంది. 'బెస్ట్ బిర్యానీ ఇన్ హైదరాబాద్' అని గూగుల్‌లో కొడితే వచ్చిన పదిలో ఏ రెండు బాగున్నా మనకి ఓకే. ఆఫీస్‌లో 'మెటర్నిటీ లీవ్ ఎన్ని వారాలు' అని అడిగితే కరెక్ట్ డాక్యుమెంట్ ఒక్కటే ఉంటుంది. అది వస్తే సెర్చ్ పనిచేసినట్టు, రాకపోతే లేనట్టు. మధ్యలో మార్కులు లేవు.

డబ్బా లోపల ఏముంది

సెంట్రలైజ్డ్ సెర్చ్ టూల్ ఏదైనా ముందు చేసేది కనెక్టర్లు పెట్టడం. జిరాకి ఒకటి, డ్రైవ్‌కి ఒకటి, స్లాక్‌కి ఒకటి. ఇవి ఆ యాప్‌ల ఏపీఐల ద్వారా డాక్యుమెంట్లని లాగి, కొత్తగా మారినవాటిని ఎప్పటికప్పుడు తెచ్చుకుంటాయి. చెప్పడానికి ఒక్క లైన్, చేయడానికి నెలలు. ప్రతి యాప్‌కి రేట్ లిమిట్ వేరు, డిలీట్ అయిన ఫైల్ సంగతి చెప్పే పద్ధతి వేరు.

తెచ్చినదాన్ని ఇన్వర్టెడ్ ఇండెక్స్‌లో పెడతారు. పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, ఏ పదం ఏ పేజీలో ఉందో. అదే ఇది. ఈ పనికి ప్రపంచంలో ఎక్కువమంది వాడే లైబ్రరీ లూసీన్, 1999లో డగ్ కటింగ్ రాసింది. దాని మీద కట్టిందే ఎలాస్టిక్‌సెర్చ్. దీని వెనక కథ బాగుంటుంది. షే బానన్ అనే ఇంజినీర్ భార్య లండన్‌లో వంట కోర్సు చేస్తుంటే, ఆమె రెసిపీలు వెతుక్కోడానికి ఒక యాప్ చేద్దామని ఆయన మొదలుపెట్టాడు. ఆ దారిలో 2010లో ఎలాస్టిక్‌సెర్చ్ బయటికొచ్చింది, పెద్ద కంపెనీ అయింది. ఆ వంటల యాప్ మాత్రం ఇంకా ఆమెకి అందలేదని ఒక జోక్.

ఏ డాక్యుమెంట్ పైన రావాలన్నది ఇంకో లెక్క. 1972లో కేరెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ సైంటిస్ట్ చెప్పిన ఒక ఐడియా ఇప్పటికీ గుండెకాయ లాంటిది: తక్కువ డాక్యుమెంట్లలో కనిపించే పదానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. 'ప్రాజెక్ట్' అన్న పదం కంపెనీలో ప్రతి ఫైల్‌లో ఉంటుంది, దానివల్ల ఉపయోగం లేదు. మీ ప్రాజెక్ట్ కోడ్ నేమ్ 'గరుడ' అనుకోండి, అది యాభై ఫైళ్లలోనే ఉంటుంది. కాబట్టి 'గరుడ ప్రాజెక్ట్' అని వెతికితే గరుడకే బరువు. లూసీన్ ఇప్పుడు వాడే బీఎం25 ఫార్ములాలో కూడా ఉన్నది ఈ ఐడియానే.

ఇక్కడి వరకు పదాలు కలిస్తేనే దొరుకుతుంది. మీరు 'ల్యాప్‌టాప్ స్లో అయింది, కొత్తది ఎలా తీసుకోవాలి' అని అడుగుతారు. ఐటీ వాళ్లు రాసిన డాక్యుమెంట్ పేరు 'ఎండ్‌పాయింట్ అసెట్ రిఫ్రెష్ ప్రొసీజర్'. ఒక్క పదం కూడా కలవదు. ఎంబెడింగ్స్ వచ్చింది దీని కోసమే. వాక్యాన్ని కొన్ని వందల నంబర్ల వెక్టర్‌గా మార్చి, అర్థంలో దగ్గరగా ఉన్నవాటిని పట్టుకుంటారు. అలాగని పాత పద్ధతిని తీసి పారేయడానికి లేదు. 'ఈఆర్‌ఆర్-4012' అన్న ఎర్రర్ కోడ్ వెతికినప్పుడు ఎంబెడింగ్ దాని పక్కనే ఉన్న 4021ని కూడా చుట్టంలా తీసుకొస్తుంది. మనకి సరిగ్గా ఆ కోడే కావాలి. అందుకే మంచి టూల్స్ రెండూ కలిపి వాడతాయి, హైబ్రిడ్ సెర్చ్ అంటారు. మీ కంపెనీలో ట్రయల్ వస్తే ఒక ఎర్రర్ కోడ్, ఒక మామూలు మాటల ప్రశ్న, రెండూ కొట్టి చూడండి. ఒకటే పనిచేస్తే ఆ టూల్ సగమే.

జీతాల షీట్ ప్రాబ్లమ్

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీ కంపెనీలో ఏదో ఒక ఫోల్డర్‌లో 'అప్రైజల్ 2023' అన్న ఎక్సెల్ ఉంటుంది. ఎవరో ఒక మేనేజర్ హడావుడిలో 'కంపెనీలో ఎవరైనా చూడొచ్చు' అన్న ఆప్షన్‌తో షేర్ చేసి ఉంటారు. రెండేళ్లుగా ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ లింక్ ఎవరికీ తెలియదు. తాళం లేని గదే, కానీ ఆ గది ఉందనే ఎవరికీ తెలియదు. ఇప్పుడు కంపెనీ మంచి సెర్చ్ టూల్ కొంది. ఎవరో ఊరికే తన పేరు కొట్టి చూశాడు. తన జీతం, పక్కవాడి జీతం, తన గురించి మేనేజర్ రాసిన కామెంట్, అన్నీ వరసగా వచ్చేశాయి.

ఇక్కడ టూల్ తప్పేమీ చేయలేదు. పర్మిషన్ ఉన్నదే చూపించింది. మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ 2023 నవంబర్ 1న పెద్ద కంపెనీలకి విడుదలైన తర్వాత చాలా చోట్ల ఐటీ టీమ్‌ల నిద్ర చెడగొట్టింది ఇదే. దీనికి ఓవర్‌షేరింగ్ అని పేరు కూడా పెట్టారు. షేర్‌పాయింట్‌లో ఏళ్లుగా పేరుకున్న 'ఎవ్రీవన్' పర్మిషన్లు ఒక్కసారిగా బయటపడ్డాయి. చివరికి మైక్రోసాఫ్టే, పర్మిషన్లు సర్దుకునేదాకా కొన్ని సైట్లలోంచి మాత్రమే సెర్చ్ అయ్యేలా రిస్ట్రిక్ట్ చేసుకునే ఆప్షన్ ఇచ్చింది. సెర్చ్ బాగా పనిచేస్తోంది కాబట్టి దాన్ని తగ్గించుకునే బటన్ ఇవ్వాల్సి వచ్చిందన్నమాట!

టూల్ తయారుచేసేవాళ్లకి కూడా పర్మిషన్లే పెద్ద తలనొప్పి. కనెక్టర్ డాక్యుమెంట్‌తో పాటు దాన్ని ఎవరు చూడొచ్చన్న లిస్ట్ కూడా తెస్తుంది. మీరు వెతికినప్పుడు ఆ లిస్ట్‌లో మీరున్నారో లేదో చూసి ఫిల్టర్ చేస్తుంది. కానీ ఆ లిస్ట్ కాపీనే కదా. మిమ్మల్ని ఉదయం ఒక ప్రాజెక్ట్‌లోంచి తీసేశారు, టూల్ మళ్లీ సింక్ అయ్యేది సాయంత్రం అనుకోండి. ఆ మధ్య గంటల్లో ఏం చూస్తారు? వెతికిన ప్రతిసారీ అసలు యాప్‌నే అడుగుదామంటే సెర్చ్ నత్తనడక. అందుకే ఇండెక్స్‌లో ఉన్న లిస్ట్‌తో ముందు వడపోసి, చూపించేముందు అసలు యాప్‌తో ఇంకోసారి చెక్ చేసేలా కడతారు. ఇంకా సన్నని లీకులు ఉంటాయి. డాక్యుమెంట్ చూపించకపోయినా '3 రిజల్ట్స్ దాచబడ్డాయి' అని రాస్తే చాలు. 'లేఆఫ్' అని కొట్టినవాడికి ఆ 3 అన్న నంబరే పెద్ద వార్త.

దీనికి ఏఐ తోడైతే ఇంకో దారి తెరుచుకుంటుంది. 2025 జూన్‌లో ఎకోలీక్ అన్న పేరుతో కోపైలట్‌లో ఒక లోపం బయటపడింది. తీవ్రత 10కి 9.3. బయటివాడు మీకొక మామూలు మెయిల్ పంపిస్తాడు, అందులో ఏఐకి అర్థమయ్యే సూచనలు దాచి ఉంటాయి. మీరు దాన్ని ఓపెన్ చేయక్కర్లేదు, లింక్ నొక్కక్కర్లేదు. తర్వాత ఎప్పుడో మీరు ఏదో అడిగినప్పుడు టూల్ ఆ మెయిల్‌ని కూడా సంబంధించిన సమాచారం అనుకుని లాగుతుంది, అందులోని సూచనలు పాటిస్తూ లోపలి డేటాని బయటికి పంపే వీలుంటుంది. మైక్రోసాఫ్ట్ తన సర్వర్ల వైపు దాన్ని సరిచేసింది, ఎవరూ నష్టపోలేదని చెప్పింది. కానీ పాయింట్ మిగిలే ఉంది. అన్నీ ఒక్కచోటే వెతకగలిగే టూల్ అంటే, బయటివాడు రాసిన మెయిల్ కూడా మన సీక్రెట్ డాక్యుమెంట్ పక్కనే అదే ప్రాంప్ట్‌లో కూర్చుంటుంది.

రాత్రి రెండింటికి బాట్ చెప్పిన మాట

ఇప్పుడు చాలా టూల్స్ లింకుల లిస్ట్ ఇవ్వడం లేదు, నేరుగా జవాబు ఇస్తున్నాయి. ముందు సెర్చ్ చేసి, దొరికిన ముక్కలని లాంగ్వేజ్ మోడల్‌కి ఇచ్చి జవాబు రాయించడం. ఆర్‌ఏజీ అన్న పేరు 2020లో ఫేస్‌బుక్ పరిశోధకుల పేపర్‌తో వచ్చింది. హాయిగా ఉంటుంది. కానీ లింకుల లిస్ట్‌లో మనకి తెలియకుండానే కొన్ని వివరాలు కనిపించేవి: తేదీ, రాసినవాళ్ల పేరు, ఏ ఫోల్డర్. జవాబు రూపంలో వచ్చేసరికి అవన్నీ చిన్న అక్షరాల ఫుట్‌నోట్ అయిపోతాయి.

నేను పనిచేసిన ఒక చోట ఆన్‌కాల్‌లో జరిగింది ఇది. రాత్రి రెండింటికి డేటాబేస్ అలర్ట్. డ్యూటీలో ఉన్న ఇంజినీర్ లోపలి బాట్‌ని ఫెయిలోవర్ ఎలా చేయాలని అడిగాడు. బాట్ నీట్‌గా ఆరు స్టెప్పులు ఇచ్చింది, కమాండ్లతో సహా. నాలుగో స్టెప్‌లో ఉన్న సర్వర్ పేరు చూసి అతనికి డౌట్ వచ్చి ఆగాడు. అది ఏడాది కిందటే రిపోర్టింగ్ టీమ్‌కి ఇచ్చేసిన సర్వర్. మైగ్రేషన్‌కి ముందు రాసిన రన్‌బుక్, తర్వాత రాసిన రన్‌బుక్ రెండూ కాన్‌ఫ్లుయెన్స్‌లోనే ఉన్నాయి. పాతది వివరంగా, అందంగా, బోలెడు హెడ్డింగులతో ఉంది. కొత్తది పది లైన్లు, అందులో సగం 'ఫలానా అన్నకి ఫోన్ చేయండి'. సెర్చ్ ఇంజిన్ దృష్టిలో ఏది బెటర్ డాక్యుమెంట్? పాతదే. పదాలు ఎక్కువ కలిశాయి, ఏళ్లుగా ఎక్కువమంది చూశారు కాబట్టి వ్యూస్ ఎక్కువ. ఆ కమాండ్ రన్ అయి ఉంటే పొద్దున్నే కస్టమర్లకి వెళ్లే రిపోర్ట్స్ ఆగిపోయేవి.

మోడల్ అబద్ధం పుట్టించలేదు ఇక్కడ. హాల్యూసినేషన్ అని అందరూ భయపడేది ఇది కాదు. నిజంగా ఉన్న డాక్యుమెంట్‌నే నిజాయితీగా చదివి చెప్పింది. ఆ డాక్యుమెంట్ చచ్చిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. బయట వెబ్‌లో పాత పేజీలు వాటంతటవే కిందికి జారిపోతాయి, ఎవరూ లింక్ ఇవ్వరు, ఎవరూ క్లిక్ చేయరు. ఆఫీస్‌లో పాతది కొత్తదాని పక్కనే అదే బలంతో నిలబడి ఉంటుంది. టూల్‌కి ఎన్ని కోట్లు పెట్టినా, పాత పేజీని ఆర్కైవ్ చేసే పని ఒక మనిషి చేయాల్సిందే. మన కంపెనీల్లో ఆ పని ఎవరి కేపీఐలోనూ ఉండదు. డాక్యుమెంట్ రాసినవాడికి అప్రైజల్‌లో ఒక పాయింట్ వస్తుందేమో, పాతవి పది తీసేసినవాడికి మాత్రం ఏమీ రాదు.

మన డేటా, ఎవరి ఇండెక్స్?

ఈ రంగంలో ఇప్పుడు ఎక్కువ వినపడే పేరు గ్లీన్. గూగుల్‌లో సెర్చ్ మీద ఏళ్లు పనిచేసిన అరవింద్ జైన్ మరికొందరితో కలిసి 2019లో పెట్టిన కంపెనీ. వందకి పైగా యాప్‌లని కలిపి సొంత ఇండెక్స్ కడుతుంది. 2025లో స్లాక్ తన ఏపీఐ నిబంధనలు మార్చింది. బయటి యాప్‌లు స్లాక్ మెసేజ్‌లని పెద్దమొత్తంలో లాగి తమ దగ్గర దాచుకుని ఇండెక్స్ చేయడం కుదరదు, కావాలంటే అవసరమైనప్పుడు స్లాక్‌నే అడిగి తెచ్చుకోండి అంది. స్లాక్ ఓనర్ అయిన సేల్స్‌ఫోర్స్ సొంతంగా ఏఐ సెర్చ్ అమ్ముతోందన్న సంగతి పక్కన పెట్టి చూడలేం. ఆ మెసేజ్‌లు రాసింది మనం, డబ్బు కట్టేది మన కంపెనీ, వాటిని ఎవరు ఎలా వెతకాలో చెప్పేది మాత్రం మూడో పార్టీ. జియో సిమ్‌లోంచి ఎయిర్‌టెల్‌కి నంబర్ పోర్ట్ చేసుకోవచ్చు గానీ, పదేళ్ల ఆఫీస్ చాట్‌ని పోర్ట్ చేసుకోవడం అంత ఈజీ కాదు.

అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకునే పద్ధతిని ఫెడరేటెడ్ సెర్చ్ అంటారు. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ ప్రోటోకాల్ తర్వాత ఈ దారి బాగా పెరిగింది. పర్మిషన్ల విషయంలో ఇది సేఫ్, ఎందుకంటే అసలు యాప్ అక్కడికక్కడే చెక్ చేస్తుంది. కానీ పది యాప్‌ల నుంచి వచ్చిన పది లిస్టులని కలిపి ర్యాంక్ ఇవ్వడం కష్టం. జిరా సెర్చ్ అసలే అంతంతమాత్రం అయితే, దాన్ని ఏఐ అడిగినా వచ్చేది అదే. ఒకే ఇండెక్స్ క్వాలిటీకి ఇది ఇంకా చేరలేదన్నది నా అభిప్రాయం.

మన చాట్లలో మరో చిక్కు ఉంది, దీని గురించి ఏ రివ్యూలోనూ కనపడదు. హైదరాబాద్ టీమ్‌ల చాట్ నిండా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగే. 'చేశా' అన్న ఒక్క మాటని ఒకరు చివర ఒక 'ఎ'తో, ఇంకొకరు రెండు 'ఎ'లతో, మరొకరు ఎస్ తర్వాత హెచ్ పెట్టి రాస్తారు. తెలుగు లిపిలో రాస్తే లూసీన్‌కి తెలుగు అనలైజర్ ఉంది, కొంత పని జరుగుతుంది. ఈ రోమన్ తెలుగుకి పదాల సెర్చ్ దాదాపు గుడ్డిది. ఎంబెడింగ్స్ కొంచెం నయం. అందుకే సీరియస్ డెసిషన్ జరిగిన థ్రెడ్ చివర ఇంగ్లిష్‌లో ఒక లైన్ రాసిపెట్టే లీడ్ ఉంటే ఆ టీమ్ అదృష్టం.

మరి ఏది తీసుకోవాలి?

మీ ఆఫీస్ మొత్తం మైక్రోసాఫ్ట్ మీదే నడుస్తుంటే కోపైలట్ నేచురల్ చాయిస్. కాకపోతే మొదట్లో పెట్టిన ధర మనిషికి నెలకి 30 డాలర్లు, మన లెక్కలో అది చిన్న విషయం కాదు. జిరా, కాన్‌ఫ్లుయెన్స్ మీద బతికే టీమ్‌లకి అట్లాసియన్ రోవో ఉంది. 2024లో విడిగా అమ్మడం మొదలుపెట్టి, 2025లో పెయిడ్ ప్లాన్లలో కలిపేశారు. కాబట్టి మీ కంపెనీకి ఆల్రెడీ వచ్చేసి, ఎవరూ గమనించకుండా మూల పడి ఉండొచ్చు. జోహో వాడే చిన్న కంపెనీలకి జియా సెర్చ్ జోహో యాప్‌ల వరకు బాగా సరిపోతుంది. పాతిక రకాల యాప్‌లు కలగాపులగంగా ఉన్న పెద్ద కంపెనీ అయితే గ్లీన్ లాంటిదే దిక్కు. సొంతంగా కట్టుకుంటామంటే ఓపెన్‌సెర్చ్ ఫ్రీ. 2021లో ఎలాస్టిక్ లైసెన్స్ మార్చినప్పుడు అమెజాన్ విడదీసి మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. ఇద్దరు ఇంజినీర్లు ఒక వారంలో డెమో చూపించేస్తారు. ఆ తర్వాత పర్మిషన్ల సింక్ రాయడం మొదలుపెట్టి, ఆరు నెలలకి "కొనేద్దాం సార్" అంటారు.

నా ఓటు మాత్రం ఏదీ కొనకముందు ఒక వీకెండ్ పనికి. కంపెనీలో మామూలు ఉద్యోగి అకౌంట్‌తో లాగిన్ అయి, ఇప్పుడున్న డ్రైవ్ లేదా షేర్‌పాయింట్ సెర్చ్‌లోనే 'శాలరీ', 'పాస్‌వర్డ్', 'ఆధార్', 'కాన్ఫిడెన్షియల్' అని కొట్టి చూడమని మీ ఐటీ అడ్మిన్‌కి చెప్పండి. వాళ్లే చూడాలి, మీరు కాదు. సొంతంగా చూసి దొరికినవి ఓపెన్ చేసుకుంటూ పోతే ఆడిట్ లాగ్‌లో మీ పేరే ఉంటుంది. ఏదైనా అనుకోకుండా మీ కంట పడితే స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టకుండా, లింక్ మాత్రం సెక్యూరిటీ టీమ్‌కి మెయిల్ చేయండి.

కొత్తగా చేరినవాళ్లు టూల్ కోసం ఎదురుచూడకుండా ఇవాళే వాడుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. స్లాక్ సెర్చ్‌లో 'ఫ్రమ్' పెట్టి మనిషి పేరు, 'ఇన్' పెట్టి ఛానెల్, 'బిఫోర్' పెట్టి తేదీ ఇస్తే వెయ్యి రిజల్ట్స్ పదికి తగ్గుతాయి. ఎర్రర్ మెసేజ్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టండి. ఫ్రీ స్లాక్ వర్క్‌స్పేస్ అయితే 90 రోజుల కంటే పాతవి కనిపించవు, కాలేజీ క్లబ్బులు, చిన్న స్టార్టప్‌లు ఇది తెలియక గంటలు వెతుకుతుంటాయి. బాట్ జవాబు ఇస్తే కింద ఉన్న సోర్స్ లింక్ తెరిచి ఎడిట్ చేసిన తేదీ చూడండి, రాసినవాళ్లు ఇంకా కంపెనీలో ఉన్నారో లేదో చూడండి. ఇక ఆ అన్నకి పింగ్ చేసి కనుక్కున్న జవాబు ఏదైనా ఉంటే, అది మీ చాట్‌లోనే ఉండిపోకుండా టీమ్ వికీ పేజీలో తేదీ వేసి, ఆయన పేరు వేసి, పేస్ట్ చేయండి. వచ్చే నెల చేరబోయే ఫ్రెషర్ సరిగ్గా అదే ప్రశ్న కొడతాడు.